గుట్ట వాలులో పూడ్చిన పైపు ఏటా వానాకాలం ఒకే చోట ఊడిపోతోంది, ఏం చేయాలి?

అన్నా, బోరు కింద, తొట్టి గుట్ట మీద, మధ్యలో పూడ్చిన పీవీసీ పైపు రెండేళ్లుగా వానలకు ఒకే చోట పోతోందని రాశారు. ఇంకా మందం పైపు వేయాలా, ఇంకా లోతుగా పూడ్చాలా అని అడిగారు. నేను రెండూ చేసి చూశాను, రెండూ దండగే అయ్యాయి.

మాది దేవరకొండ దాటాక చందంపేట వైపు, బత్తాయి తోట. పైన ఎర్ర చెలక, కింద వాగు పక్కన నల్లరేగడి. మొదటిసారి కప్లింగ్ ఊడితే సొల్యూషన్ సరిగ్గా పట్టలేదన్నాడు ప్లంబర్. మందం పైపు తెచ్చి మూడడుగుల లోతున పూడ్చాం. మళ్లీ సెప్టెంబరులోనే పోయింది. ఈసారి జేసీబీని పిలవకుండా నేనే పారతో మెల్లగా తవ్వాను. పై ముక్క పెట్టిన చోటే ఉంది. కింది ముక్క కప్లింగ్‌లోంచి బయటికొచ్చి నాలుగు వేళ్లు పల్లానికి జరిగింది. సరిగ్గా చెలక అయిపోయి రేగడి మొదలయ్యే చోట!

రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. వాలులో ఉంటే ఇలా ఉబ్బుతూ, కుంగుతూ ఏటా కొంచెం కిందికి జారుతుంది. పక్కన చెలక కదలదు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి లాగుతుంది. కదిలే పొర దాటి కిందికి దిగితే తప్ప లోతు వల్ల లాభం లేదు, పైగా మీద బరువు పెరిగి మట్టి పట్టు ఇంకా ఎక్కువవుతుంది.

మా బామ్మర్ది కొన్నేళ్లు కొండ ప్రాంతాల్లో చమురు పైపులైన్ల పని చేశాడు. వచ్చి పైపు వైపు చూడనే లేదు. "బావా, పైన పడ్డ వాన నీళ్లు ఎటు పోతున్నయ్?" అన్నాడు. పెద్ద లైన్లకు కూడా ముందు చూసేది అదేనట. వాలులో నీళ్లు దిగకుండా కాలువలు తీస్తారు, ఉక్కు పైపు ఎంత సాగుతోందో కొలిచే గేజీలు అతికిస్తారు, ఒత్తిడి మరీ పెరిగితే చుట్టూ మట్టి తీసేసి పైపును సర్దుకోనిస్తారు.

మేం ముందుగా తోట పైగట్టున రెండడుగుల లోతు కాలువ తీసి నీళ్లను పక్క నుంచి వాగులోకి మళ్లించాం. తర్వాత తెలిసింది, పైపు కందకమే ఒక కాలువ అయిపోయిందని. వదులు మట్టి కదా, నీళ్లన్నీ దాంట్లోకే దిగి, పైపు కింద మోచెయ్యి పట్టేంత బొక్క చేశాయి. అందుకే కందకంలో అక్కడక్కడ మొరం నింపిన బస్తాలు అడ్డంగా పేర్చి, మట్టి గట్టిగా దిమ్మిస కొట్టాం.

రెండు మట్లు కలిసే దగ్గర మాత్రం పీవీసీ తీసేసి అరవై అడుగులు హెచ్‌డీపీఈ (వంగే ప్లాస్టిక్ పైపు) వేశాం. వెడల్పాటి కందకం, చుట్టూ వదులుగా ఇసుక, పైపు కొంచెం వంకరగా. మట్టి జరిగితే అది వంగుతుంది కానీ ఊడదు. అక్కడ దిమ్మిస కొట్టకండి. ఇసుకలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి అడుగు నుంచి బయటికి ఒక దారి ఉంచండి.

మీ పైపు వాలుకు అడ్డంగా పోతోందని రాశారు. వీలైతే వాలు వెంట నేరుగా పైకీ కిందికీ ఉండేలా మార్చండి. అడ్డంగా ఉంటే జారే మట్టి మొత్తం పక్క నుంచి తోస్తుంది. అన్నట్టు, మీ చేనులోంచి చమురు లైన్ ఏదైనా పోతుంటే దాని పట్టీలో జేసీబీ పెట్టకండి. 1962 పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం అక్కడ బావి తవ్వడం, కట్టడం, చెట్టు నాటడం కుదరదు.

ఇంకొకటి, ఖర్చు లేనిది. వాలుకు అడ్డంగా సుతిలి కట్టి, దాని వెంబడి వరుసగా గూటాలు కొట్టండి. వానాకాలం అయ్యాక మళ్లీ సుతిలి లాగి చూడండి. మాకు పోయినేడు మధ్య గూటం రెండు వేళ్లు కిందికి జరిగింది, పైపు మాత్రం ఊడలేదు. కానీ గుట్ట మీద నెలవంకలా పగులు కనిపిస్తే గుట్టే జారుతోందని లెక్క, ఈ తిప్పలేవీ పనికిరావు. అంత మేర పైపును బయటికి తీసి రాతి కడీల మీద వదులుగా పెట్టుకోండి.