ఆసుపత్రి చేతులు మారితే యూనియన్ ఏమవుతుంది?

ప్రశ్న: న్యూజెర్సీలో లాభాపేక్ష లేని ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నాలజిస్టుగా, హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్నాను. మాకు యూనియన్ ఉంది. ఒప్పందానికి ఇంకా గడువుంది. ఇప్పుడు మా ఆసుపత్రిని ఒక పెద్ద సంస్థ కొంటోంది. అందరూ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలని, పాత యూనియన్ ఒప్పందం తమకు వర్తించదని ఆ సంస్థ హెచ్ఆర్ విభాగం చెబుతోంది. సంతకం పెడితే యూనియన్‌ను వదులుకున్నట్టేనని మాలో కొందరు దరఖాస్తు చేయడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: ముందు దరఖాస్తు పెట్టండి. పెట్టకుండా ఆగిన మీ తోటివారికీ ఇదే చెప్పండి. వారి కోపం న్యాయమైనదే, కానీ వారు దూరంగా ఉంటే బలం తగ్గేది యూనియన్‌కే.

ఈ విషయంలో అమెరికా కోర్టులకు ఇప్పటికీ ఆధారం 1972లో సుప్రీంకోర్టు ఇచ్చిన బర్న్స్ తీర్పు. కాలిఫోర్నియాలో లాక్‌హీడ్ ప్రాంగణానికి కాపలా కాసే కాంట్రాక్టు వాకెన్‌హట్ నుంచి బర్న్స్ సంస్థకు మారింది. బర్న్స్ అక్కడ నియమించిన 42 మంది గార్డుల్లో 27 మంది పాత సంస్థలో పనిచేసినవారే. అయినా వారి యూనియన్‌ను గుర్తించబోమంది. పాత ఒప్పందంలోని షరతులకు కొత్త యజమాని కట్టుబడనక్కర్లేదని కోర్టు చెప్పింది. అయితే సిబ్బందిలో సగానికి మించి పాతవారే ఉన్నప్పుడు ఆ యూనియన్‌ను గుర్తించాలని, దానితో చర్చలకు కూర్చోవాలని కూడా తేల్చింది. హెచ్ఆర్ వారు మీకు ఈ తీర్పులో మొదటి సగమే వినిపిస్తున్నారు.

ఆ 27 మంది పంతానికి పోయి ఉద్యోగంలో చేరకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. మీ ల్యాబులోనూ అంతే. ఈ లెక్క ఆసుపత్రి మొత్తానికి వేయరు, మీ యూనియన్ ప్రాతినిధ్యం వహించే వర్గానికే వేస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో నర్సులు, సాంకేతిక సిబ్బంది, ఆఫీసు సిబ్బంది వేర్వేరు వర్గాలుగా ఉండటం మామూలే. చిన్న వర్గంలో నలుగురైదుగురు తప్పుకున్నా మెజారిటీ పోవచ్చు. ఉద్యోగ దరఖాస్తు మీద సంతకం చేసినంత మాత్రాన యూనియన్ హక్కు పోదు. యూనియన్‌ను తప్పించుకోవడానికే పాతవారిని తీసుకోకపోతే అది చట్టవిరుద్ధం.

కొనుగోలు ఎలా జరుగుతోందో మీ యూనియన్ ప్రతినిధిని అడిగి తెలుసుకోండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు వాటాదారులు ఉండరు కాబట్టి, తరచుగా పెద్ద సంస్థ ఆ ఆసుపత్రికి ఏకైక సభ్య సంస్థగా చేరి దాన్ని తన అధీనంలోకి తెచ్చుకుంటుంది. అలాంటప్పుడు మీ పే స్లిప్పు మీద యజమాని పేరు మారదు, ఒప్పందమూ యథాతథంగా కొనసాగుతుంది. మిమ్మల్ని మళ్లీ దరఖాస్తు చేయమంటున్నారంటే భవనం, పరికరాలు, లైసెన్సులు వగైరా ఆస్తులను మాత్రమే కొంటున్నట్టుంది. బర్న్స్ సూత్రం వర్తించేది ఇలాంటి సందర్భానికే.

మీ పాత ఒప్పందాన్ని కూడా బయటకు తీసి చదవండి. ఆసుపత్రిని అమ్మితే కొనేవారు ఒప్పందానికి కట్టుబడేలా చూడాలనే నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఉంటే, అమ్మకం పూర్తయ్యేలోపే యూనియన్ అమ్మేవారిని నిలదీయాలి. అమ్మేశాక దాని పదును చాలావరకు పోతుంది. పోగైన సెలవులు, పింఛను, ఉద్యోగం పోయేవారికి పరిహారం వంటి ప్రభావాలపై ప్రస్తుత యాజమాన్యం కూడా చర్చలు జరపాల్సిందే.

కొత్త యజమాని తొలి జీతాలను, పనివేళలను తనంతట తాను నిర్ణయించవచ్చు. దీనికొక మినహాయింపు ఉంది. షరతులు మారతాయని చెప్పకుండా అందరినీ కొనసాగిస్తామని ముందే స్పష్టంగా ప్రకటిస్తే, ఆ తర్వాత చర్చించకుండా వాటిని మార్చడానికి వీల్లేదు. అందుకే హెచ్ఆర్ పంపిన ప్రతి మెయిల్‌ను, సిబ్బంది సమావేశంలో అన్న ప్రతి మాటను తేదీతో సహా రాసి దాచుకోండి. ‘మీకేమీ మారదు’ అని వచ్చిన ఒక్క మెయిల్ కేసు దిశనే మార్చగలదు.

న్యూజెర్సీ ఉద్యోగులకు మరో రక్షణ ఉంది. 2022లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, ఆరోగ్య సంస్థ చేతులు మారినప్పుడు కొత్త యాజమాన్యం అర్హులైన ఉద్యోగులను నాలుగు నెలల పాటు, జీతాలూ సౌకర్యాలూ తగ్గించకుండా కొనసాగించాలి. ఆ గడువులోనే యూనియన్ చర్చలను పట్టాలెక్కించాలి.

చర్చలకు రమ్మని యూనియన్ రాతపూర్వకంగా, ఇప్పుడే కోరాలి. 1987లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఫాల్ రివర్ తీర్పు ప్రకారం ముందుగా పంపిన లేఖ కూడా, కొత్త సిబ్బంది తగినంత మంది చేరేవరకు చెల్లుతూనే ఉంటుంది. కొత్త యజమాని చర్చలకు నిరాకరిస్తే ఆరు నెలల్లోగా జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చేయాలి. ఆవేశంలో పని ఆపేయకండి. ఆసుపత్రుల్లో సమ్మెకు యూనియన్ పది రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. లేకపోతే సమ్మెలో పాల్గొన్నవారికి చట్టరక్షణ పోయే ప్రమాదం ఉంది.

ఇక మీ వీసా. కొత్త సంస్థ మీ పాత యజమాని హెచ్-1బి బాధ్యతలన్నీ స్వీకరిస్తున్నట్టు ప్రమాణపూర్వక ప్రకటన రాసి తన ఫైలులో ఉంచితే, యజమాని మారినందుకు కొత్త పిటిషన్ వేయనక్కర్లేదు. అప్పుడు వీసా పత్రాల్లో హామీ ఇచ్చిన కనీస వేతనానికీ ఆ సంస్థ కట్టుబడినట్టే. ఆ ప్రకటన చేతులు మారే రోజుకే సిద్ధంగా ఉంటుందా అని హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. గ్రీన్‌కార్డు ప్రక్రియ మధ్యలో ఉంటే కొత్త సంస్థ సవరించిన ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్) వేయాల్సి రావచ్చు. ఆ కాగితాలతో ఈ వారమే ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవండి.