అరబ్ పెద్దల్లో చిగుళ్ల వ్యాధి బ్యాక్టీరియా ఎంత శాతం?

మీ ప్రశ్న ఇది: రియాద్‌లో పళ్ల క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేస్తున్నారు. అరబ్ పెద్దల్లో చిగుళ్ల వ్యాధి బ్యాక్టీరియా ఎంత మందిలో ఉంటుందని వెతికితే ఒక పేపర్‌లో చాలా తక్కువ, ఇంకో పేపర్‌లో చాలా ఎక్కువ కనిపిస్తోంది. ఏది నమ్మాలి, దాన్నిబట్టి పేషెంటుకి చేసే వైద్యం మారుతుందా అని అడిగారు.

‘అరబ్ పెద్దలు’ అందరికీ కలిపి ఒకే శాతం చెప్పడం కుదరదు. మొరాకో నుంచి ఒమన్ దాకా తిండి, పొగ అలవాటు, మధుమేహం, పళ్లు తోముకునే పద్ధతి అన్నీ వేరు. సాటి దేశాల మధ్య తేడా కంటే, ఆ సంఖ్యను పట్టుకున్న పద్ధతిలోని తేడాయే ఎక్కువసార్లు పెద్దదిగా ఉంటుంది. అందుకే పేపర్ తెరవగానే శాతం జోలికి పోకుండా ముందు మెథడ్స్ భాగం (పని ఎలా చేశారో రాసే చోటు) చదవండి.

మొదట చూడాల్సింది ఏ బ్యాక్టీరియాని వెతికారన్నది. పెద్దవాళ్ల వ్యాధిలో ముఖ్యమైనవి మూడు: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానరెల్లా ఫోర్సితియా, ట్రెపోనిమా డెంటికోలా. 1998లో సోక్రాన్‌స్కీ అనే పరిశోధకుడి బృందం ఈ మూడింటినీ కలిపి ‘రెడ్ కాంప్లెక్స్’ అంది. లోతైన పాకెట్లలో (పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడే సందుల్లో) ఇవి గుంపుగా దొరుకుతాయి. నాలుగోది అగ్రిగాటిబాక్టర్ ఆక్టినోమైసిటెమ్‌కోమిటాన్స్, అందరూ ‘ఏఏ’ అనేది దీన్నే. ఇది ఎక్కువగా కుర్రవయసులో, ముందు పళ్ల దగ్గర, మొదటి దవడ పళ్ల దగ్గర ఎముక వేగంగా తినేసే రకం వ్యాధితో ముడిపడింది. ఇరవై ఏళ్లవాళ్లనీ అరవై ఏళ్లవాళ్లనీ ఒకే గుంపులో కలిపి ఏఏ శాతం చెబితే ఆ సంఖ్య వల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు.

రెండోది, శాంపిల్ ఎక్కడి నుంచి తీశారు. లాలాజలం, నాలుక, చిగురు పైన పాచి, పాకెట్ లోపలి పాచి, ఈ నాలుగూ నాలుగు రకాల జవాబులిస్తాయి. ఎన్ని చోట్ల తీశారన్నదీ అంతే ముఖ్యం. ఊరికే లెక్క కోసం, ఒక్కో చోట దొరికే అవకాశం 30 శాతం అనుకోండి. ఒక్క చోటే తీస్తే 30 శాతం మంది పాజిటివ్. ఒక్కో మనిషిలో నాలుగు చోట్ల తీసి, ఏ ఒక్కచోట దొరికినా పాజిటివ్ అని రాస్తే అది 76 శాతం అవుతుంది (ఒక చోట దొరకడానికీ ఇంకో చోట దొరకడానికీ సంబంధం లేదనుకుంటే). నోళ్లు అవే, బ్యాక్టీరియా అదే, లెక్కపెట్టిన తీరు మారిందంతే. దీనికి తోడు 50 మందిలో 60 శాతం వచ్చిందంటే అసలు విలువ సుమారు 46కీ 74కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

మూడోది పరీక్ష రకం. కల్చర్‌లో, అంటే ల్యాబులో పెంచి చూసే పద్ధతిలో, జింజివాలిస్ పెరగాలంటే గాలి తగలకూడదు, రక్తం, హీమిన్, విటమిన్ కె కలిపిన అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) కావాలి, వారం పైనే ఆగాలి. అప్పుడు నల్లటి కాలనీలు వస్తాయి. టానరెల్లాకి ఎన్-ఎసిటైల్ మురామిక్ ఆమ్లం విడిగా కలపాలి. ట్రెపోనిమా మామూలు ల్యాబుల్లో పెరగనే పెరగదు. కల్చర్ పేపర్లలో ఇవి తక్కువగా కనిపించడానికి కారణం ఇదే, నోళ్లు శుభ్రంగా ఉండటం కాదు. ఏఏ మాత్రం బాసిట్రాసిన్, వాంకోమైసిన్ కలిపిన టీఎస్‌బీవీ అగార్ మీద, కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాతావరణంలో బాగానే వస్తుంది. కాలనీ మధ్యలో నక్షత్రం ఆకారం కనిపిస్తుంది. పీసీఆర్ (డీఎన్ఏకి నకళ్లు తీసి వెతికే పరీక్ష) అయితే కొద్దిపాటి డీఎన్ఏనీ, చచ్చిన బ్యాక్టీరియానీ కూడా పట్టేస్తుంది కాబట్టి శాతం అమాంతం పెరుగుతుంది. బానా పరీక్ష రెడ్ కాంప్లెక్స్ మూడింటి ఎంజైమునీ కలిపి చూపిస్తుంది, ఏది ఉందో విడదీయదు. ఏఏని అసలు పట్టదు.

శాంపిల్ మీ చేత తీయిస్తుంటే ఈ పని దగ్గరే తప్పులు ఎక్కువ. పంటి చుట్టూ దూది రోల్స్ పెట్టి ఉమ్ము రాకుండా ఆపండి. చిగురు పైన ఉన్న పాచిని ముందుగా తుడిచేయండి, లేకపోతే పై పాచే లోపలి పాచిగా లెక్కలోకి ఎక్కుతుంది. మెల్లగా గాలి పట్టి ఆరనిచ్చి, స్టెరైల్ పేపర్ పాయింట్‌ని (సన్నని కాగితపు పుల్లని) పాకెట్ అడుగు తగిలేదాకా దించి 10 నుంచి 20 సెకన్లు ఉంచండి. ప్రోబింగ్ (సన్నని కొలపుల్లతో పాకెట్ లోతు కొలవడం) శాంపిల్ తీశాకే చేయాలి. ముందే ప్రోబ్ పెడితే రక్తం వస్తుంది, రక్తంలోని హీమ్ పీసీఆర్‌ని అడ్డుకుని ఉన్నదాన్ని లేదని చూపిస్తుంది. కల్చర్‌కి అయితే ఆక్సిజన్ తీసేసిన ట్రాన్స్‌పోర్ట్ ద్రవంలో వేసి 24 గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడారా, ఆరు నెలల్లో క్లీనింగ్ చేయించుకున్నారా అని అడిగి రాసుకోండి. మందుల షాపులో తెచ్చుకుని వేసుకున్న మాత్రల సంగతి పేషెంట్లు తమంతట తాము చెప్పరు, పేరు పెట్టి అడగాలి.

అరబ్ ప్రాంతానికే సంబంధించి గట్టిగా చెప్పదగ్గ విషయం ఒకటుంది, అది మొరాకోది. ఏఏలో జేపీ2 అనే క్లోన్ (ఒకే మూలం నుంచి వచ్చిన ప్రత్యేక రకం) ఉంది. దాని ల్యూకోటాక్సిన్ ప్రమోటర్‌లో (ల్యూకోటాక్సిన్ అనే విషం తయారీని నడిపే డీఎన్ఏ భాగంలో) 530 అక్షరాల డీఎన్ఏ ముక్క ఊడిపోయి ఉంటుంది. దానివల్ల మన తెల్ల రక్తకణాలను చంపే విషం ఎన్నో రెట్లు ఎక్కువ తయారవుతుంది. 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన హౌబెక్ బృందం అధ్యయనంలో చిగుళ్లు బాగున్న మొరాకో బడి పిల్లలని రెండేళ్ల తర్వాత మళ్లీ చూశారు. తిరిగి వచ్చిన 428 మందిలో, ఏఏ లేనివాళ్లతో పోలిస్తే, జేపీ2 ఒక్కటే ఉన్నవాళ్లకి వ్యాధి మొదలయ్యే ముప్పు 18 రెట్లు, మామూలు ఏఏ ఉన్నవాళ్లకి 3 రెట్లు. ఈ క్లోన్ ఉత్తర ఆఫ్రికా, పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఎక్కువ. దీన్ని తెచ్చి సౌదీ, కువైట్, జోర్డాన్ వాళ్లందరికీ అంటగట్టకండి. పీసీఆర్‌లో తేల్చడం సులభమే. ఆ ప్రమోటర్‌కి రెండువైపులా పట్టే ప్రైమర్లతో (చిన్న డీఎన్ఏ ముక్కలతో) మామూలు ఏఏకి 1022, జేపీ2కి 492 బేస్ పెయిర్ల బ్యాండు వస్తుంది. మొరాకో నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి పాచి పెద్దగా లేకుండానే దవడ పంటి పక్కన 7 మి.మీ. పాకెట్ ఉంటే ఈ పరీక్ష అడగడం న్యాయం.

మిగతా చోట్ల తేడాలు తెచ్చేవి అలవాట్లు. యెమెన్‌లో ఉత్తేజం కోసం నమిలే ఖాత్ ఆకు ముద్దని ఒకే బుగ్గన గంటల తరబడి పెట్టుకుంటారు, కాబట్టి ఏ వైపు శాంపిల్ తీశారో రాయని పేపర్‌కి విలువ లేదు. షీషా (హుక్కా), సిగరెట్ తాగేవాళ్లలో చిగుళ్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపల ఎముక పోతున్నా రక్తం పెద్దగా కారదు. రక్తం రావడం లేదు కదా అని ఆ పేషెంటుని ఇంటికి పంపేయకండి.

మిస్వాక్ (అక్కడ పళ్లు తోముకునే వేరు పుల్ల) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన వేపపుల్లకి వచ్చే ఇబ్బందులే దానికీ వస్తాయి. ఆ వేరులో బెంజైల్ ఐసోథయోసయనేట్ ఉంది, జింజివాలిస్, ఏఏ లాంటివాటిని ల్యాబులో చంపుతుంది. కానీ పుల్ల ముందు పళ్ల బయటివైపే బాగా తిరుగుతుంది, నాలుక వైపుకీ దవడ పళ్ల సందుల్లోకీ పోదు. అడ్డంగా గట్టిగా రుద్దేవాళ్లకి కోరపళ్ల దగ్గర చిగురు వెనక్కి జరిగి వేరు బయటపడుతుంది. వాడేవాళ్లని మాన్పించనక్కర్లేదు. చివర సెంటీమీటరు బెరడు తీసి, నీళ్లలో నానబెట్టి, మెత్తగా నమిలి, చిగురు నుంచి పంటి కొస వైపు దింపమనండి. కుచ్చుని ప్రతిరోజూ కోసేసి కొత్తది చేసుకోవాలి. దవడ పళ్ల సందులకి మాత్రం ఇంటర్‌డెంటల్ బ్రష్ తప్పనిసరి. సందులో కాస్త బిగుతుగా దూరే సైజే సరైనది, వదులుగా తిరిగితే పాచి అలాగే ఉంటుంది.

ఇక వైద్యం మారుతుందా అంటే, చాలామందికి మారదు. చిగుళ్ల వ్యాధి 2017 వర్గీకరణలో స్టేజి (ఎంత ముదిరింది), గ్రేడు (ఎంత వేగంగా ముదురుతోంది) తేల్చడానికి బ్యాక్టీరియా పరీక్ష అక్కర్లేదు. అటాచ్‌మెంట్ (పంటిని పట్టి ఉంచే పట్టు) ఎంత పోయింది, ఎక్స్-రేలో ఎముక ఎంత పోయింది, ఊడిన పళ్లెన్ని, ఇవి చూస్తారు. రోజుకి 10 సిగరెట్లు, ఆపైన తాగినా, మధుమేహం ఉండి హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెర చూపే రక్త పరీక్ష) 7 శాతం గానీ అంతకు మించి గానీ ఉన్నా అన్నిటికంటే వేగమైన గ్రేడు సీ కి పోతుంది. గల్ఫ్‌లో మధుమేహం ఎంత ఎక్కువో మీకు తెలిసిందే, కాబట్టి ఖరీదైన పీసీఆర్ కంటే ముందు ఈ రక్త పరీక్ష రిపోర్టు అడగండి. ఈ బ్యాక్టీరియా చిగుళ్లు బాగున్నవాళ్ల నోట్లో కూడా కొద్దిగా ఉంటుంది. ‘పాజిటివ్’ అన్న ఒక్క మాటకే అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌లు రాసేస్తే గార అలాగే ఉంటుంది, పాచి పొర లోపలికి మందు సరిగా చేరదు, కొన్ని వారాలకే మళ్లీ మొదటికి వస్తుంది. ముందు గార తీయాలి, వేర్లు శుభ్రం చేయాలి, మూడు నెలలకి మళ్లీ ప్రతి పంటి చుట్టూ అవే ఆరు చోట్ల ప్రోబ్ పెట్టి కొలవాలి. అప్పటికీ పాకెట్ 6 మి.మీ. గానీ అంతకు పైన గానీ ఉండి రక్తం వస్తుంటే చిగుళ్ల నిపుణుడి దగ్గరకి పంపాలి.

రంజాన్ నెలలో ఈ పేషెంట్లు పగటి అపాయింట్‌మెంట్లు మానేస్తారు. ఇఫ్తార్ తర్వాత రాత్రి వేళ ఇవ్వండి, లేకపోతే ఆ మూడు నెలల చెకప్ ఆరు నెలలవుతుంది.