జావాస్క్రిప్ట్‌లో ఒకే ఫంక్షన్‌ను రెండు ఫైళ్లలో కాపీ చేసుకోవచ్చా?

బిల్లు పేజీకీ రిపోర్టు పేజీకీ ఒకే లెక్క కావాలి, వేరే ఫైల్లోంచి తెచ్చుకుందామని ఇంపోర్ట్ రాస్తే 'కెనాట్ యూజ్ ఇంపోర్ట్ స్టేట్‌మెంట్ అవుట్‌సైడ్ ఎ మాడ్యూల్' అంటోంది, కాపీ పేస్ట్‌తో సరిపెట్టుకోనా అని అడిగారు.

వద్దు. నేను సరిపెట్టుకుని తిట్లు తిన్నా. మా మామకు కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీ ఉంది. రైతుకిచ్చే చీటీకి ఒక పేజీ, ఖాతాకు ఒక పేజీ చేసిచ్చా. హమాలీ లెక్క రెండింట్లోనూ కాపీయే. బస్తాకు హమాలీ రెండు రూపాయలు పెరిగిన రోజు చీటీలో మార్చి, ఖాతాలో మరిచిపోయా. ఆ రోజు వచ్చింది 340 బస్తాలు. సాయంత్రం గల్లాకూ ఖాతాకూ 680 రూపాయలు తేడా. మామ రెండుసార్లు నోట్లు లెక్కబెట్టి, "ఏమిరా అల్లుడూ, దీనికంటే నా ఎర్ర పుస్తకమే నయం గదా" అన్నాడు.

ఆ రాత్రే హమాలీ ఫంక్షన్‌ను లెక్క డాట్ జేఎస్ అనే వేరే ఫైల్లోకి మార్చి, వేరే ఫైళ్లు వాడుకునేలా దాని ముందు ఎక్స్‌పోర్ట్ అని చేర్చా. ఇలా ఇచ్చిపుచ్చుకునే ఫైలునే మాడ్యూల్ అంటారు. రెండు పేజీల స్క్రిప్టుల్లోనూ ఇంపోర్ట్ రాసి, ఫ్లవర్ బ్రాకెట్లలో ఫంక్షన్ పేరు పెట్టా. ఫైలు పేరుకు ముందు చుక్క, స్లాష్, చివర డాట్ జేఎస్ తప్పకుండా ఉండాలి. బ్రౌజర్ తనంతట తాను ఊహించుకోదు.

మీ ఎర్రర్‌కు మందు చిన్నదే: స్క్రిప్ట్ ట్యాగులో టైప్ దగ్గర మాడ్యూల్ అని ఇవ్వండి. అసలు తిప్పలు ఆ తర్వాతే. హెచ్‌టీఎంఎల్ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే క్రోమ్ మాడ్యూళ్లను లోడ్ చెయ్యదు, కార్స్ ఎర్రర్ (వేరే చోటి ఫైళ్లను తెచ్చుకోనివ్వని బ్రౌజర్ భద్రతా నియమం) ఇస్తుంది. నాకు వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ (పేజీని మన కంప్యూటర్లోనే చిన్న సర్వర్ నుంచి తెరిచేది) ఉంది కాబట్టి నడిచిపోయింది. మామకు డబుల్ క్లిక్ తప్ప ఇంకోటి తెలీదు. చివరికి పేజీలను నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టి, డెస్క్‌టాప్ మీద ఆ లింకుకే షార్ట్‌కట్ చేశా.

మర్నాడు 'చీటీ తియ్యి' బటన్ పలకలేదు. బటన్‌లో ఆన్‌క్లిక్ అని రాసి ఫంక్షన్ పేరిచ్చా కదా, మాడ్యూల్లో ఉన్న ఫంక్షన్ బయటికి కనపడదు. బటన్‌ను స్క్రిప్టులోనే యాడ్ ఈవెంట్ లిజనర్‌తో కలిపితే పలికింది. దీనికే నాకు గంటన్నర పట్టింది, మీకు పట్టకూడదని రాస్తున్నా.

నోడ్‌లో (బ్రౌజర్ లేకుండా జావాస్క్రిప్ట్ నడిపేది) అయితే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో టైప్ దగ్గర మాడ్యూల్ అని పెట్టుకోండి. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ భాషలోకి 2015లో వచ్చాయి, నోడ్ అంతకుముందే రిక్వైర్ అనే వేరే పద్ధతితో పని నడుపుకుంటోంది. అందుకే పాత వీడియోల్లో రిక్వైర్ కనిపిస్తుంది. రెండూ ఒకే ఫైల్లో కలపకండి. అప్పటికీ రాకపోతే కన్సోల్లో ఉన్న ఎర్రర్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూస్తా.