షరతులు కలిపి రాసేటప్పుడు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ప్రశ్న) చూశాను. ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే డేటాబేస్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది గానీ, షరతులను తప్పుగా కలిపితే ఏమీ అనకుండా తప్పుడు జాబితాను మన చేతిలో పెడుతుంది. ఆ జాబితా వెనక ఫీజు రాయితీ కోసం ఎదురుచూసే పిల్లలు ఉన్నారు కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

"గుంటూరు లేదా కృష్ణా జిల్లాకు చెంది, కుటుంబ ఆదాయం 2,00,000 రూపాయలు మించనివారు" అన్న నిబంధనను నువ్వు అదే వరుసలో 'ఆర్' (ఏదో ఒకటి నిజమైతే చాలు), 'అండ్' (రెండూ నిజం కావాలి) పెట్టి రాశావు. డేటాబేస్ ముందుగా 'అండ్'కు అటూ ఇటూ ఉన్నవాటిని ముడివేసి, ఆ తరువాతే 'ఆర్'ను చూస్తుంది. అందువల్ల ఆదాయ పరిమితి కృష్ణా విద్యార్థులకే వర్తించి, గుంటూరు వారందరూ ఎంత ఆదాయం ఉన్నా జాబితాలోకి వచ్చేశారు. రెండు జిల్లాల షరతులనూ ఒకే బ్రాకెట్‌లో ఉంచు, లేదా ఇచ్చిన పేర్లలో ఏదో ఒకటైతే చాలనే 'ఇన్' వాడు. అవసరం లేదనిపించినచోట కూడా బ్రాకెట్లు పెట్టడం నాకు ఇష్టం. రేపు ఆ క్వెరీని చదివే మరొకరికి నీ ఉద్దేశం వాటివల్లే తెలుస్తుంది.

"గుంటూరు గానీ కృష్ణా గానీ కానివారు" అని అడిగినప్పుడు మన భాషే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 'గుంటూరు కాదు' 'ఆర్' 'కృష్ణా కాదు' అని రాస్తే, జిల్లా నమోదైన ప్రతి విద్యార్థీ వచ్చేస్తాడు, ఎందుకంటే ఎవరూ ఒకేసారి రెండు జిల్లాల వారు కాలేరు. అక్కడ కావలసింది 'అండ్'.

ఖాళీ గడి సంగతి ఇంతకన్నా జాగ్రత్తగా చూడాలి. ఆదాయం నమోదు కాకపోతే అది 'నల్'. దానిని 2,00,000తో పోల్చితే వచ్చే జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, 'తెలియదు'. షరతులు రాసే 'వేర్' భాగం, షరతు నిజమైన వరుసలనే ఉంచుతుంది కనుక, పరిమితి లోపలివారి జాబితాలోనూ, పైవారి జాబితాలోనూ ఆ విద్యార్థి ఉండడు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాగే రెండు జాబితాలు ఇచ్చాను; రెండూ కూడితే మొత్తం సంఖ్య రాలేదని మా పై అధికారి చూపించేదాకా నాకు తట్టలేదు. అలాంటి వారిని 'ఈజ్ నల్'తో విడిగా పట్టుకోవాలి. 'ఈక్వల్స్ నల్' అని రాస్తే ఒక్క వరుస కూడా రాదు.

షరతును బట్టి ఒక్కో జవాబు ఇచ్చే 'కేస్'లో పైనుంచి మొదట నిజమైన 'వెన్' (షరతు) దగ్గరే పని ముగుస్తుంది. 2,00,000 లోపు సగం రాయితీ అని ముందు రాసి, 1,00,000 లోపు పూర్తి రాయితీ అని దాని కింద రాస్తే, పూర్తి రాయితీ ఎవరికీ అందదు. ఇరుకైన షరతు పైన ఉండాలి. ఏ షరతూ నిజం కానివారి కోసం రాసే 'ఎల్స్' వదిలేస్తే, వారికి ఫలితం 'నల్' అవుతుంది. అక్కడ 'అనర్హులు' అని రాసినా, ఆదాయం నింపని పిల్లలు కూడా అందులో పడిపోతారు. కాబట్టి ముందు ఖాళీలకు ఒక 'వెన్' రాసి, వారికి 'పరిశీలించాలి' అని పెట్టు.

ఇప్పుడు చిన్న పరీక్ష పట్టిక ఒకటి తయారుచేయి. జిల్లాకు గుంటూరు, కృష్ణా, వేరే జిల్లా, ఖాళీ. ఆదాయానికి పరిమితి లోపు, సరిగ్గా 2,00,000, పైన, ఖాళీ. మొత్తం 16 వరుసలు. ప్రతి వరుసకూ రావలసిన జవాబును క్వెరీ నడపకముందే కాగితం మీద రాసుకుని, ఆ తరువాత రెండింటినీ పోల్చి చూసి నాకు పంపు.

మీ మామయ్య