లాబ్రడార్‌కి లింఫోమా అన్నారు, కీమో ఖర్చు ఎలా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. ఏడేళ్ళ లాబ్రడార్, దవడ కింద, వెనక కాళ్ళ దగ్గర బిళ్ళలు కట్టాయి, సూదితో తీసి చూసి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అన్నారు. మీరిద్దరూ హెచ్1బి మీద వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, ఊళ్ళో ఇంటి లోను కూడా కడుతున్నారు. సరే. ఖర్చు సంగతికి వచ్చే ముందు ఒకటి అడుగుతాను. డాక్టరు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారా? ఇంకా మొదలుపెట్టకపోతే, క్యాన్సర్ స్పెషలిస్టుతో మాట్లాడేదాకా ఆగు. కుక్క ఊపిరి తీసుకోవడానికే ఇబ్బంది పడుతుంటే మాత్రం ఆగకు, వాళ్ళు చెప్పినట్టే చెయ్యి.

మేము దెబ్బతిన్నది అక్కడే. మా గోల్డెన్ రిట్రీవర్‌కి ఇదే జబ్బు వచ్చినప్పుడు మేం డాలస్‌లో కొత్త, చేతిలో నాలుగు డాలర్లు వెనకేసింది లేదు. కీమో అనగానే నాకు కళ్ళు తిరిగాయి. ముందు ఈ మాత్రలు వాడదాం, ఈలోగా డబ్బు చూసుకుందాం అనుకున్నాం. మాత్ర వేసిన రెండు మూడు రోజులకే బిళ్ళలు కరిగాయి, గిన్నె ఖాళీ చేస్తోంది, బంతి వెంట పరుగెత్తుతోంది, ఇక తగ్గిపోయిందని మా ఆయన ఇండియాకి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. కొన్ని వారాలకి బిళ్ళలు తిరిగొచ్చాయి. అప్పుడు స్పెషలిస్టు దగ్గరికి పరుగెత్తితే ఆవిడ చెప్పిన సంగతి ఇది: స్టెరాయిడ్ ఒక్కటే ముందు వాడితే క్యాన్సర్ కణాలు మిగతా కీమో మందులకి కూడా మొండికేస్తాయి, ఆ తర్వాత కీమో చేసినా ఫలితం తగ్గుతుంది. ఏ మందూ లేకపోతే ఈ జబ్బుతో మామూలుగా నెలా నెలన్నర, ప్రెడ్నిసోన్ ఒక్కటే అయితే ఒకటి రెండు నెలలు. డబ్బు కోసం ఆగిన ఆ వారాలే మాకు అన్నిటికన్నా ఖరీదు పడ్డాయి. నువ్వు అలా ఆగకు.

వాళ్ళు నీకు చెప్పబోయేది చాప్ అనే పద్ధతి. సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోన్, మనుషుల లింఫోమాకి వాడే మందులే. 19 వారాలదో 25 వారాలదో ఉంటుంది, వారం వారం తీసుకెళ్ళాలి, మధ్యలో కొన్ని వారాలు సెలవు. 10 కుక్కల్లో 8 పైగా బిళ్ళలు తగ్గి మామూలుగా తిరుగుతాయి. కానీ జబ్బు పూర్తిగా నయమయ్యేది చాలా అరుదు, ఇది ముందే మనసుకి చెప్పుకో. ఈ క్యాన్సర్ రెండు రకాల తెల్లకణాల్లో పుడుతుంది, బి-సెల్ రకమైతే సుమారు ఏడాది బతుకుతుంది, టి-సెల్ అయితే అంతకన్నా తక్కువ. అందుకే ఏ రకమో తేల్చే టెస్టుకి కొన్ని వందల డాలర్లు పోయినా పెట్టు. ఎన్ని వేలు పెట్టబోతున్నావో, దేనికోసం పెట్టబోతున్నావో దాంతోనే తెలుస్తుంది.

నోరులేని జీవాన్ని ఎందుకే హింస పెడతారు అని మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్‌లో ఏడ్చింది. ఆవిడకి తెలిసిన కీమో మా పెద్దమ్మది. కుక్కలకి డోసు తక్కువగా ఇస్తారు, ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉంచడమే ఇక్కడి లక్ష్యం. లాబ్రడార్‌కి జుట్టు పెద్దగా ఊడదు, పూడుల్ లాంటి వాటికి ఊడుతుంది. రెండు మూడు రోజులు వాంతులు, విరేచనాలు, తిండి మానేయడం ఉండొచ్చు, దానికి మందులు ఇస్తారు. మందు ఎక్కించిన వారానికి తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు జ్వరం వస్తే అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఆ బిల్లు వేరే. మనవాళ్ళు దాన్ని లెక్కలో వేసుకోరు.

ఇక డబ్బు. చాప్ మొత్తానికి 5 వేల నుంచి 10 వేల డాలర్లు, పెద్ద ఊళ్ళలో ఇంకా పైనే. పెట్ ఇన్సూరెన్స్ ఉందా అని నిన్ను అడగను, ఉంటే నువ్వు ఈ ప్రశ్న వేసేవాడివి కాదు. కొత్తగా వచ్చినవాళ్ళంతా కుక్కకి ఇన్సూరెన్స్ ఏమిటని నవ్వుతారు, మేమూ అంతే, నెలకి ఆ కాస్త ప్రీమియం మిగుల్చుకున్నాం. మెడ దగ్గర ఏదో తగులుతోందని చెకప్‌లో డాక్టరు ఒక్క వాక్యం రాసుకున్నాక పాలసీ తీసుకున్నాం. క్లెయిమ్ వేస్తే ఆ వాక్యమే చూపించి, ఇది ముందే ఉన్న జబ్బు అని తిప్పి పంపారు. కాబట్టి ఈ కుక్క కోసం ఇప్పుడు పాలసీలు వెతుకుతూ రోజులు పోగొట్టుకోకు. ఇంట్లో ఇంకో పెంపుడు జంతువు ఉంటే మాత్రం దానికి ఈరోజే తీసుకో. వైద్యం ఖర్చుల కోసం జీతంలోంచి ఆఫీసులో కోసే ఎఫ్ఎస్ఏ, హెచ్ఎస్ఏ డబ్బు మామూలు పెంపుడు జంతువులకి పనికిరాదు, రూల్స్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ సైట్‌లో ఉన్నాయి, చూసుకో.

క్లినిక్ కౌంటర్ దగ్గర వైద్యం ఖర్చుల క్రెడిట్ కార్డు ఇస్తామంటారు, ఏడాది వడ్డీ లేదంటారు. కింద చిన్న అక్షరాలు చదువు. గడువులోపు మొత్తం తీర్చకపోతే మొదటి రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ వేసే రకాలు ఉన్నాయి. మేం గడువు తేదీని ఫ్రిజ్ మీద అంటించుకుని, ఇండియా టికెట్లు వాయిదా వేసుకుని, గడువులోపే పైసాతో సహా తీర్చేశాం. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. నువ్వూ చెయ్యగలవు, కానీ ఎమర్జెన్సీ కోసం దాచింది ముట్టుకోకు. హెచ్1బి మీద ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి మహా అయితే 60 రోజులే గడువు, ఆ రెండు నెలల అద్దె కుక్క బిల్లుకి పోకూడదు. కుక్క మీద ప్రేమ లేక చెప్పడం లేదు ఇది, నా కుక్కకి నేనే అన్నం కలిపి పెట్టినదాన్ని.

చాప్ భరించలేకపోతే డాక్సోరూబిసిన్ ఒక్కటే మూడు వారాలకోసారి, నాలుగైదు సార్లు ఇచ్చే పద్ధతి ఉంది. ఖర్చు తక్కువ, ప్రయాణాలు తక్కువ, కుక్క బతికే కాలం కూడా కొంత తక్కువ. ఈ మందు నరం బయటికి లీకైతే కండ కుళ్ళిపోతుంది, గుండె మీద కూడా పని చేస్తుంది, కాబట్టి చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరే వేయించు. వెటర్నరీ యూనివర్సిటీలలో కొత్త వైద్యాన్ని పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ ఉంటాయి, కొన్నిట్లో ఖర్చులో భాగం వాళ్ళే పెట్టుకుంటారు. నువ్వు మా వైపే అయితే కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఉంది, కొలరాడో స్టేట్‌లో, యూసీ డేవిస్‌లో కూడా పెద్ద విభాగాలున్నాయి. అడగడానికి మొహమాటపడకు, ఇక్కడ డబ్బు గురించి అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు, మనమే లోపల కుంగిపోతాం. ప్రెడ్నిసోన్ మొదలుపెట్టాక ట్రయల్‌లో చేర్చుకోకపోవచ్చు, ఇదీ గుర్తుంచుకో.

పిల్లి ఉన్నవాళ్ళు కుక్క మందుల లెక్క పట్టుకోకండి. కుక్కలకి వాడే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పిల్లికి ప్రాణాంతకం. పేగుల్లో నెమ్మదిగా పెరిగే చిన్నకణాల లింఫోమా అయితే ఇంట్లో వేసే మాత్రలతోనే, క్లోరాంబుసిల్, ప్రెడ్నిసొలోన్‌తో, చాలా పిల్లులు రెండేళ్ళ పైన బతుకుతాయి.

మీ ఆవిడ నెల తప్పి ఉంటే కీమో మాత్రలు, కుక్క మూత్రం ఆవిడ ముట్టుకోకూడదు. నువ్వైనా గ్లౌజులు వేసుకునే శుభ్రం చెయ్యి.

సోమవారం స్పెషలిస్టుకి ఫోన్ చేసినప్పుడు మొత్తం ఖర్చు, రక్తపరీక్షలతో సహా, కాగితం మీద రాసివ్వమను. మధ్య వారాల్లో చేసే రక్తపరీక్ష మీ మామూలు డాక్టరు దగ్గర చేయించి రిపోర్టు పంపితే చాలా చోట్ల ఒప్పుకుంటారు, స్పెషలిస్టు దగ్గరకన్నా సాధారణంగా చవక. జబ్బు తిరగబెడితే ఇంకో రౌండ్ మందులకి వెళ్ళాలా వద్దా, ఎంతవరకు పెట్టగలరు, ఆ అంకె మీరిద్దరూ మొదటి కీమోకి ముందే కూర్చుని మాట్లాడుకోండి. తిరగబెట్టిన రోజున, క్లినిక్ గదిలో అది మీ ఒళ్ళో తల పెట్టుకుని ఉండగా, ఆ లెక్క మీ వల్ల కాదు.