అర్జీలో తేదీ ఉందా?

ప్రశ్న: ఎం.ఏ.లో మానవ హక్కుల పేపరు కోసం ఒడిశాలోని గజపతి జిల్లా ఊళ్లు తిరిగాం. తెలంగాణ ఇటుక బట్టీల నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకు కూలి పూర్తిగా ముట్టలేదట. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులో రాస్తే తీసుకుంటారా?
– ఇద్దరు విద్యార్థులు, బరంపురం

జవాబు: తీసుకుంటారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా రాయొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. చిక్కంతా వేరేచోట ఉంది. ‘కూలి ఇవ్వలేదు’ అని మాత్రమే రాస్తే అది కార్మిక వివాదం కింద పక్కకు పోతుంది. పైగా కమిషన్‌కు వెళ్లే ఫిర్యాదు ప్రభుత్వోద్యోగి చేసిన తప్పు మీదో, తప్పు జరుగుతుంటే ఆపని అతని నిర్లక్ష్యం మీదో ఉండాలి. బట్టీ యజమాని ప్రభుత్వోద్యోగి కాడు కదా!

అందుకని మళ్లీ ఊరికి వెళ్లి వేరే ప్రశ్నలు అడగండి. రావలసిన కూలి లెక్క తర్వాత చూసుకోవచ్చు. అడ్వాన్సు ఎంత, ఎవరి చేతిమీదుగా తీసుకున్నారు? మధ్యలో ఇంటికెళ్తామంటే ఏమన్నారు? ఆధార్ కార్డులు ఎవరి దగ్గర పెట్టుకున్నారు? బాకీ పేరు చెప్పి కదలనివ్వకపోతే అది 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం కింద వెట్టి చాకిరీ. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మొదటి అర్జీ కలెక్టరుకో సబ్ కలెక్టరుకో ఇవ్వాలి. విచారణలో వెట్టి అని తేలితే విడుదల పత్రం ఇస్తారు. కేంద్ర పథకం కింద 30,000 రూపాయల వరకు తక్షణ సాయం దానితోనే వస్తుంది, కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు. ‘ఇంటికొచ్చేశారుగా, ఇంకెక్కడి వెట్టి?’ అని తిప్పి పంపబోతే వాదనకు దిగకండి. అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకుని రండి. ఆ తర్వాత కదలిక లేకపోతే ఆ నకలే కమిషన్‌కు మీ ఆధారం.

‘బట్టీలవాళ్లు పేదల్ని పీడిస్తున్నారు, న్యాయం చేయండి’ అనే అర్జీలో విచారించడానికి ఏమీ ఉండదు. ‘పలానా తేదీన సర్దారు (కూలీల్ని కుదిర్చే మేస్త్రీ) 25,000 అడ్వాన్సు ఇచ్చాడు, పలానా తేదీన వెళ్తామంటే బాకీ తీర్చి కదలమని కార్డులు లాక్కున్నారు, పలానా తేదీన కలెక్టరుకు అర్జీ ఇచ్చాం, ముద్ర వేసిన నకలు జత చేశాం’ అని రాయండి. ఘటన జరిగి ఏడాది దాటితే 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ అడ్డొస్తుంది. సెమిస్టరు అయ్యాక తీరిగ్గా రాద్దామనుకుంటే గడువు మీ చేతుల్లోనే గడిచిపోతుంది. ఆకాశరామన్న ఉత్తరాలూ, కోర్టులో నడుస్తున్న వ్యవహారాలూ చెల్లవు. భువనేశ్వర్‌లోని రాష్ట్ర కమిషన్ ముందు ఉన్నదాన్ని ఢిల్లీలోని జాతీయ కమిషన్ ముట్టుకోదు; కాబట్టి రెండుచోట్లా వేయకండి.

ప్రశ్న: సవర గూడేల్లో ఇంటర్వ్యూలు చేయాలి. సమ్మతి పత్రం మీద వేలిముద్ర తీసుకుంటే సరిపోతుందా?
– పరిశోధక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: సరిపోదు. అప్పు కాగితాల మీద వేలిముద్ర వేసి దెబ్బతిన్న మనిషికి మీ కాగితమూ అలాగే కనబడుతుంది. సమ్మతిని వాళ్ల సవర భాషలోనే, నోటిమాటగా, ఒక సాక్షి ఎదుట రికార్డు చేయండి. మధ్యలో ఆపేసి లేచిపోవచ్చని ముందే చెప్పండి. దుబాసీగా సర్దారు చుట్టాన్ని పెట్టుకుంటే మీకు జవాబులు కాదు, పాఠాలు వినబడతాయి.

గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లోనే ఉండి సవర నేర్చుకుని నిఘంటువు చేశారు. మీరు అంత చేయక్కర్లేదు, పన్నెండు ప్రశ్నలు చాలు. ఒకరిచేత సవరలోకి మార్పించి, వాటిని చూడని ఇంకొకరిచేత తిరిగి తెలుగులో చెప్పించండి. ఏది జారిపోయిందో అక్కడే తెలుస్తుంది. ‘మీ హక్కులకు భంగం కలిగిందా’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ‘సంతకు వెళ్తామంటే ఎవరైనా ఆపారా’ అని అడగండి.

పేర్లు ఒక నోటుబుక్కులో, కోడ్ నంబర్లతో జవాబులు ఇంకోదాంట్లో రాసి, రెండూ ఒకే సంచిలో పెట్టకండి. ఊరు, బట్టీ, ఇంట్లో ఎంతమంది అనే మూడూ ఒకే పేజీలో ఉంటే పేరు రాయకపోయినా మనిషి దొరికిపోతాడు. ఫోన్ కెమెరాలో లొకేషన్ కూడా ఆపేయండి.

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ మానవ హక్కులు చదివే దారి ఉందా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ప్లస్ టూ చాలు. కోరాపుట్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. దానొక్కదానితో ఉద్యోగం రాదు. లా చదువుతూ చేస్తే అక్కరకొస్తుంది. అధ్యాపకులు కావాలనుకుంటే అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ‘మానవ హక్కులు, విధులు’ అని విడిగా ఒక సబ్జెక్టు ఉంది. పీజీలో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం ఉండాలి.

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరోంచ. సమాచార హక్కు దరఖాస్తు కూడా తెలుగులో వేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: కుదరదు. ఆ చట్టం ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంత అధికార భాషలనే ఒప్పుకుంటుంది. మీకు మరాఠీ. రుసుము 10 రూపాయలు. మహారాష్ట్ర నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటల లోపు ఉండాలి. ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడిగితే జవాబు రాదు. ‘పలానా ఫైలు నోటు షీట్ల (అధికారులు ఫైల్లో రాసుకున్న వ్యాఖ్యల) నకళ్లు ఇవ్వండి’ అని అడగండి. 30 రోజులు చూసి, రాకపోతే ఆపై 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.