హెల్మెట్ లోపలి నుంచి మాట బయటికి రావాలంటే

ప్రశ్న: కాలేజీ ఫెస్ట్‌లో కాస్‌ప్లే (సినిమా, గేమ్ పాత్రల్లా వేషం వేయడం) కోసం ఫోమ్ షీట్లతో రోబో డ్రెస్, తలంతా మూసేసే హెల్మెట్ చేసుకున్నాను. పెట్టుకుంటే నా మాట ఎవరికీ అర్థం కావట్లేదు, ఎవరైనా పిలిచినా నాకు వినిపించట్లేదు. బ్లూటూత్ మైక్, స్పీకర్ కొనమంటారా? – ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మైక్, స్పీకర్ కోసం బ్లూటూత్ మాత్రం వద్దు. అందులో మాట స్పీకర్ దాకా చేరడానికి కాస్త ఆలస్యం అవుతుంది, మన గొంతే మనకు వెనకాల నుంచి వినిపిస్తుంటే నాలుక తడబడుతుంది. టీచర్లు పాఠం చెప్పేటప్పుడు నడుముకు కట్టుకుంటారే, వైరున్న హెడ్ మైక్‌తో వచ్చే చిన్న స్పీకర్, అది తీసుకోండి. మైక్‌ను నోటికి ఎదురుగా కాకుండా పెదవి అంచు పక్కన పెట్టండి, లేకపోతే ప్రతి ఊపిరీ బుస్సుమని వినిపిస్తుంది. స్పీకర్ నడుము దగ్గరే, బయటి వైపుకు తిప్పి ఉండాలి. హెల్మెట్‌లో పెట్టారో, స్పీకర్ మోత మళ్లీ మైక్‌లోకి దూరి, అదే మళ్లీ పెద్దదై, కుయ్యిమని కూత మొదలవుతుంది.

అసలు మీరు మాట్లాడటం కన్నా ముందు వినడం సంగతి చూడండి, నాకు టెన్షన్ అక్కడే. మా మేనల్లుడి హెల్మెట్ ఓసారి పెట్టుకుని చూశాను. పక్కనే నిలబడి రెండుసార్లు పిలిచాడట, నాకు నా ఊపిరి తప్ప ఇంకేం వినపడలేదు. ఇయర్‌బడ్స్‌లో బయటి శబ్దాలను మైకులతో పట్టి చెవికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంది కదా అనుకోవద్దు, వాటి మైకులూ హెల్మెట్ లోపలే ఉంటాయి కాబట్టి మీ ఊపిరినే ఇంకాస్త పెంచి వినిపిస్తాయి. చెవుల దగ్గర రూపాయి బిళ్లంత రంధ్రాలు కోసి, లోపలి నుంచి నల్ల జాలీ బట్ట అతికించండి, బయటికి కనపడదు, గాలి కూడా ఆడుతుంది.

ఫ్యాన్ పెడితే 5 వోల్టులది చాలు, మైక్‌కు దూరంగా వెనక వైపు బిగించండి. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగితే ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి, ఇంట్లోనే ఓ గంట నడిపి చూసుకోండి. పవర్ బ్యాంక్ మాత్రం తల దగ్గర వద్దు, జేబులో ఉంచి వైరు పైకి లాగండి.

ఖిలా వరంగల్ తోరణాల దగ్గర ఫొటోలు తీసుకుంటే, కెమెరా పట్టుకున్నవాళ్లు దూరంగా నిలబడతారు. అప్పుడు వాళ్లకు మామూలు ఫోన్ కాల్ చేసి ఒక చెవికి ఇయర్‌బడ్ పెట్టుకోండి, ఫోన్ అదే వైపు జేబులో ఉండాలి, ఎందుకంటే బ్లూటూత్ సిగ్నల్‌ను మన ఒళ్లు పీల్చేస్తుంది.

బ్యాటరీ అయిపోవచ్చు, వైరు ఊడిపోవచ్చు. అందుకే వెంట ఉండే స్నేహితురాలితో రెండు సైగలు ముందే అనుకోండి. ఛాతీ మీద చెయ్యి పెడితే నీళ్లు కావాలని, నెత్తి మీద పెడితే వెంటనే హెల్మెట్ తీయమని. ఈ రెండూ ఇంట్లో హెల్మెట్ పెట్టుకునే ప్రాక్టీస్ చేయండి, ఇది మాత్రం వదిలేయకండి.

ప్రశ్న: గ్లోవ్స్ వేసుకుంటే ఫోన్ టచ్ పనిచేయట్లేదు. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: టచ్ స్క్రీన్‌కు కరెంటును పోనిచ్చే వేలు తగలాలి, గుడ్డ అడ్డం వస్తే గుర్తుపట్టదు. కరెంటు పారే కండక్టివ్ దారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దాంతో చూపుడు వేలి కొసన నాలుగు కుట్లు వేయండి, లోపల మీ చర్మానికి కూడా తగిలేలా. వేలిముద్రతో లాక్ ఎలాగూ తెరుచుకోదు, పిన్ పెట్టుకోండి.